కుడిచేతి పై మూల

ముప్పై ఒక్క ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాడి మొహం వెలిగిపోతుంది, ఎన్ని వేల సినిమాలు చూసుంటారో అంటాడు. నేను ఒక్కటీ చూడలేదంటే నమ్మడు. నమ్మకపోతే నాకు ఒళ్ళు మండుతుంది. ఇక వాణ్ణి కూర్చోబెట్టి మొత్తం చెప్పేదాకా ఊరుకోను, కాబట్టి మీకూ తప్పదు.

మా క్యాబిన్లో రెండు మెషిన్లుండేవి. సినిమా అంటే ఏడెనిమిది రీళ్ళు, ఒక్కోటి ఇరవై నిమిషాలు. ఒక మెషిన్ మీద ఒక రీలు ఆడుతుంటే రెండోదాని మీద తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచుకోవాలి. ఆడుతున్న రీలు అయిపోవస్తుందనగా తెర మీద కుడిచేతి పై మూలన ఒక చుక్క పడుతుంది. రెప్పపాటు, అంతే. అది పడగానే రెండో మెషిన్ మోటారు వెయ్యాలి. ఏడు లెక్కపెట్టేసరికి ఇంకో చుక్క పడుతుంది. అప్పుడు దీని వెలుగు మూసి దాని వెలుగు తెరవాలి. చుక్క చూడ్డం తప్పిందా, తెర తెల్లగా అయిపోతుంది, కింద కూర్చున్నవాళ్ళు మా ఇంట్లో ఏడు తరాల ఆడవాళ్ళనీ తలుచుకుంటారు. మిగతా టైములో అయిపోయిన రీలు వెనక్కి చుట్టుకోవాలి, చిరుగులు అతికించుకోవాలి, దీపం చూసుకోవాలి. ఇక సినిమా ఎప్పుడు చూడను? హీరో చస్తున్నా, హీరోయిన్ ఏడుస్తున్నా నేను చూసింది ఆ మూల మాత్రమే. ఏ సినిమాలో ఏ రీలు చివర ఆ మూలన ఏముంటుందో అడగండి, గడగడా చెప్పేస్తాను. గడియారం, చెట్టు కొమ్మ, ఎవరిదో టోపీ.

మా ఆవిడదీ ఇంచుమించు ఇదే గోల. ఆమె అదే హాల్లో టికెట్ల కౌంటర్లో కూర్చునేది. ఆట మొదలయ్యాక ఇరవై నిమిషాలకి కౌంటరు మూసి, వెనక వరసలో తలుపు పక్క కుర్చీలో కూర్చునేది. సినిమా అయిపోవడానికి పావుగంట ముందే లేచి, తర్వాతి ఆటకి కౌంటరు తెరవడానికి వెళ్ళిపోయేది. కాబట్టి ఆమెకి ఏ సినిమా మొదలూ తెలీదు, ఏ సినిమా చివరా తెలీదు. మొదలు ఎలా ఉంటుందని నన్నడిగేది. నాకు మాత్రం ఏం తెలుసని? తెలీదంటే పరువు తక్కువని నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. పెళ్ళితో మొదలవుతుందనో, రైలు దిగుతాడనో, వాళ్ళ నాన్న పోతాడనో. ఆమె నమ్మేది. చివర సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు. చివరలన్నీ ఒక్కలాగే ఉంటాయిలెండి అనేది.

కానీ మధ్యని మాత్రం ఆమె చూసినట్టు ఎవరూ చూడరు. ఒకే సినిమా రోజుకి మూడాటలు, అదీ వారాల తరబడి. మొదటి రెండుసార్లు కథ కోసం చూస్తామండీ, అనేది. మూడోసారికి కథ తెలిసిపోయింది కదా, అప్పుడు మాట్లాడేవాణ్ణి వదిలేసి వినేవాణ్ణి చూస్తాం. పదోసారికి వెనకాల నిలబడ్డ వాళ్ళని చూస్తాం. ఇంకా చూడగా చూడగా, ఎవరూ లేని కుర్చీ కూడా ఏదో చెబుతున్నట్టుంటుంది. కొన్ని సినిమాలు రెండోసారికే మొహం మొత్తేస్తాయి, కొన్ని మాత్రం మొదట విసుగు పుట్టించి తర్వాత మనలో కాపురం పెడతాయి అనేది. నాకు ఈ మాటలు చాదస్తంగా తోచేవి. క్యాబిన్లో వేడికి బనీను పిండుకుంటున్న మనిషికి ఇలాంటివి చెబితే ఎలా తోస్తాయి మరి.

అలా ఆమెలో కాపురం పెట్టిన సినిమా ఒకటుంది. దాని అసలు పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు. హాల్లో పనిచేసేవాళ్ళమంతా దాన్ని ఖాళీ సినిమా అనేవాళ్ళం. కథలో మొగుడూ పెళ్ళాలు అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇంకో ఇల్లు వెతుక్కుంటూ పోతారు, ఇక్కడ మా హాలు కూడా ఖాళీగానే ఉండేది. పాటల్లేవు, కొట్లాటల్లేవు, మాటలు కూడా పొదుపే. మూడో రోజుకే ఎత్తేయాల్సింది. కానీ రావలసిన కొత్త సినిమా ఆగిపోయి, వేరే గతిలేక మా ఓనరు దాన్నే పంతొమ్మిది రోజులు ఆడించాడు. రోజూ మూడాటలు. వచ్చిన నలుగురూ తిట్టుకుంటూ పోయేవాళ్ళు. మా ఆవిడ ఒక్కతే ఆటాటకీ వెళ్ళి కూర్చునేది.

అందులో మూడో రీలు చివర ఒక సీను. నాలుగు నిమిషాలు. సామానంతా బండికెక్కించాక ఆ ఇల్లాలు మళ్ళీ లోపలికి వెళ్తుంది. నాకు తెలిసింది అంతవరకే. ఆ తర్వాత నేను మూల చూస్తూ ఉంటాను, చుక్క కోసం.

మామూలుగా పదకొండున్నర ఆటకి కౌంటరు మూయగానే, అంటే పన్నెండు కాకుండానే, మా ఆవిడ నా భోజనం క్యారేజీ పైకి తెచ్చి ఇచ్చేది. నాకప్పటికే కడుపులో పుండు. టైముకి తినకపోతే ప్రాణం పోతుందని డాక్టరు చెప్పాడు, నేను ఆ మాట అందరికీ రెండింతలు చేసి చెప్పేవాణ్ణి. ఆకలేస్తే నేను మనిషిని కాను. అలాంటిది, ఈ సినిమా వచ్చినప్పట్నుంచి ఆమె ఆ సీను అయ్యేదాకా కుర్చీలోంచి లేచేది కాదు. పన్నెండున్నర దాటాక వచ్చేది, కళ్ళు ఎర్రగా చేసుకుని. ఏముంది అందులో, ఎందుకేడుస్తున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. ఎంతసేపు అని మాత్రం రోజూ అరిచేవాణ్ణి. రేపట్నుంచి ముందే తెస్తాననేది, మర్నాడు మళ్ళీ అంతే.

పన్నెండో రోజు సాయంత్రం మా ఓనరు క్యాబిన్లోకి తల పెట్టి, ఆటకీ ఆటకీ మధ్య హాలు ఊడవడానికి టైము చాలట్లేదు, ఎక్కడైనా ఓ నాలుగైదు నిమిషాలు తీసెయ్యమన్నాడు. ఇది మాకు మామూలే. ఎక్కువగా పాటలు తీసేసేవాళ్ళం, రీళ్ళ పెట్టె తిరిగి పంపేటప్పుడు మళ్ళీ అతికించేవాళ్ళం. ఇందులో పాటల్లేవు. బండి వీధుల్లో పోతూ ఉండే సీన్లు బోలెడున్నాయి, ఏదైనా తియ్యొచ్చు. నేను మర్నాడు పొద్దున్నే వచ్చి మూడో రీలు చివర నాలుగు నిమిషాలు కోశాను. కావాలనే కోశాను. ఆ ముక్కతో పాటు సినిమా కంపెనీ వాళ్ళ చుక్కలు కూడా పోయాయి కాబట్టి, మిగిలిన చివర్న సూదితో రెండుచోట్ల నా గుర్తు గీసుకున్నాను. ఇంటూ గుర్తు, దాని కింద ఒక అడ్డగీత. ఆపరేటర్లందరూ ఏదో ఒకటి గీస్తారు. కింద గీత పెట్టేది మాత్రం నేనొక్కణ్ణే.

ఆ రోజు భోజనం పన్నెండున్నర కాకముందే వచ్చింది. మా ఆవిడ క్యారేజీ బల్ల మీద పెట్టి, ఆ సీను రాలేదేమండీ అంది. కంపెనీ నుంచి కబురొచ్చింది, తీసేయమన్నారట అన్నాను, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ గుర్తు, నోట్లో ముద్ద కూడా ఆగలేదు. ఓహో అంది. మిగిలిన వారం రోజులూ భోజనం పన్నెండు కాకుండానే వచ్చింది. ఆమె మళ్ళీ వెనక వరసలో కూర్చోలేదు.

ఆ ముక్కని క్యాబిన్ గోడకున్న మేకుకి తగిలించాను. ఆఖరి రోజు అతికించి పంపుదామనుకున్నాను. ఆఖరి రోజు కొత్త సినిమా పెట్టెలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి, పాత పెట్టె పొద్దుటి బస్సుకి పోయింది, ముక్క మేకుకే ఉండిపోయింది. ఇంకో ముప్పై ప్రింట్లు ఉంటాయి కదా, మన ఒక్కదాంట్లో లేకపోతే ఏం మునిగిపోయింది అనుకున్నాను. చుట్టి ఒక రేకు డబ్బాలో పెట్టాను. హాలు మూతపడినప్పుడు నా సూదులు, కత్తెర, జిగురు సీసాలతో పాటు ఆ డబ్బా కూడా ఇంటికొచ్చి అటకెక్కింది.

ఇది జరిగి ఇరవై ఎనిమిదేళ్ళు. మధ్యలో మా అమ్మాయి పెద్దదై, స్కూలు బస్సు డ్రైవరై, పెళ్ళి చేసుకుని, రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. మా ఆవిడకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఇంకా నెలలే అని డాక్టరు నాతో వరండాలో చెప్పాడు, గదిలోకి వెళ్ళేసరికి ఆమెకి ముందే తెలుసు. మంచం పక్కన ఆక్సిజన్ మెషిను పెట్టారు. అది రోజంతా గుర్రుమంటూ ఉంటే నాకు మళ్ళీ క్యాబిన్లో ఉన్నట్టుండేది. రీలు ఎంత మిగిలిందోనని భయపడుతూ ఉండేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్న పిల్లల్ని స్కూల్లో దింపేసి మా అమ్మాయి వచ్చింది. వాళ్ళమ్మని ఏం కావాలని అడిగితే, ఏమీ వద్దు, ఖాళీ సినిమాలో ఆ ఒక్క సీను ఇంకోసారి చూడాలనుందే అంది. పిల్ల నా వైపు చూసింది. నేను మెషిను గొట్టం సరిచేస్తున్నట్టు వంగాను. అమ్మాయి ఊరుకునే రకం కాదు, పట్టుకుంటే వదలదు, ఆ గుణం నాదే. పది రోజులు ఫోన్లో వెతికింది. ఆ సినిమా ప్రింట్లన్నీ ఎప్పుడో పాడైపోయాయట. ఎక్కడో మూతపడ్డ గోడౌన్లో ఒక్క పెట్టె దొరికితే, పాత సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్ళెవరో దాన్ని శుభ్రం చేసి నెట్లో పెట్టారట. ఇప్పుడు అందరూ గొప్ప సినిమా అంటున్నారట. మా ఆవిడ మొహంలో ఆ రోజు కనబడిన వెలుగు నేను చాలాకాలంగా చూళ్ళేదు.

టీవీ మంచానికి ఎదురుగా జరిపాం. తలగడలు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాం. సినిమా మొదలైంది. మా ఆవిడ ఆ సినిమా మొదలు చూడడం అదే మొదటిసారి. ఒక మనిషి మెట్ల మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. ఆమె నా వైపు తిరిగి, పెళ్ళితో మొదలవుతుందన్నారు కదండీ అంది. అమ్మాయి పకపకా నవ్వింది, ఆవిడ కూడా నవ్వింది, నవ్వి దగ్గింది, దగ్గు ఆగేదాకా సినిమా ఆపాం. ఇన్నేళ్ళూ మీరు చెప్పిన మొదళ్ళన్నీ ఇంతేనా అని అడిగితే నేను సినిమా మళ్ళీ పెట్టమని అమ్మాయిని తొందరపెట్టాను.

ఇరవై నిమిషాలు దాటాక ఆమె నవ్వు ఆగిపోయింది. ఇక తనకు తెలిసిన చోటికి వచ్చేసింది. ఎవరు ఎప్పుడు తల తిప్పుతారో ముందే పెదాలు కదుపుతోంది. సామాను బండికెక్కింది. ఆ ఇల్లాలు వెనక్కి తిరిగి గడపలో ఒక కాలు పెట్టింది. మా ఆవిడ దుప్పటి అంచు పట్టుకుంది. నేను అలవాటు కొద్దీ కుడిచేతి పై మూల చూశాను.

ఇంటూ గుర్తు పడింది. కింద గీత. ఏడు లెక్కపెట్టేసరికి మళ్ళీ పడింది. వెంటనే బండి వీధిలో పోతోంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అన్ని ఊళ్ళలో, అన్ని హాళ్ళలో ఆడిన ముప్పై ప్రింట్లలో మిగిలింది మాదే. ప్రపంచంలో ఇక ఎవరు ఆ సినిమా చూసినా నేను కోసిన సినిమానే చూస్తారు. మా ఆవిడ కాసేపు తెర వైపే చూసింది, ఆలస్యంగా వస్తుందేమోనన్నట్టు. తర్వాత దుప్పటి వదిలేసింది. "మన హాల్లో ఒక్కచోటే తీయించారనుకున్నాను. అన్నిట్లోనూ తీసేశారన్నమాట" అంది. ఎవరి మీదా కోపం లేని గొంతు. ఇంకో అరగంటకి నిద్రపోయింది, చివర చూడలేదు.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆమె కంపెనీ వాళ్ళని అనుకుంటూనే వెళ్ళిపోతుంది, నాకు మచ్చ రాదు. కానీ డబ్బా అటక మీద ఉంది కదా. ఆ ముక్క బాగుంటే, ఎవరి చేతనైనా వెలుగులో పెట్టించి, ఫోన్లోకి ఎక్కించి చూపించొచ్చు కదా. తిట్టినా సరే, చూస్తుంది కదా. మర్నాడు పొద్దున్న కుర్చీ వేసుకుని, మోకాళ్ళు మొత్తుకుంటున్నా అటకెక్కి డబ్బా దింపాను. మూత తియ్యగానే పుల్లటి వాసన కొట్టింది. లోపల చుట్ట చుట్టినట్టే ఉంది గానీ అదంతా ఒకే ముద్ద. విడదీయబోతే బిస్కెట్టులా విరిగింది. వెలుగుకి పట్టుకుంటే గోధుమరంగు తప్ప ఏమీ లేదు. వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు వినబడకూడదని కుళాయి తిప్పాను.

తర్వాత ఆ డబ్బా తీసుకెళ్ళి ఆమె మంచం మీద పెట్టాను. మొత్తం చెప్పాను. కంపెనీ వాళ్ళు కాదు నేనని, ఓనరు ఏదైనా తియ్యమన్నాడు తప్ప అది తియ్యమనలేదని, ఆ గుర్తు నాదని. ఆమె డబ్బాలోకి చూసింది, వాసన చూసింది.

"ఎందుకు?" అంది.

"ఆకలేసింది" అన్నాను. ఇంకో మాట ఉంటే చెప్పేవాణ్ణి. లేదు.

ఆమె అటు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం మందు నా చేత్తో ఇస్తే వేసుకోలేదు, అమ్మాయి వచ్చేదాకా ఆగి వేసుకుంది. ఏమైందని అమ్మాయి అడిగితే ఇద్దరమూ చెప్పలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను అలగడమే గానీ ఆమె అలగడం నాకు తెలీదు, అలిగిన మనిషిని ఎలా పలకరించాలో కూడా తెలీలేదు. సాయంత్రం దాకా గదిలో ఆ మెషిను చప్పుడే. ఎండ దిగుతుండగా ఇటు తిరిగింది.

"సరే, ఆ ముక్క లేకపోతే పోయింది. మీరున్నారుగా. ముప్పై ఆరు సార్లు వేశారు. నాకు కొంచెం కొంచెం చెదిరిపోతోంది, మీరు చెప్పండి. ఆవిడ లోపలికి వెళ్ళాక ఏం చేస్తుంది?"

కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను. కిటికీ పై చువ్వ ఉంది. దాని వెనక బట్టలారేసే తీగ చివర. తీగకి ఒక క్లిప్పు, గాలికి ఊగుతోంది. కాసేపటికి గాలి ఆగి క్లిప్పు నిలబడిపోతుంది. దాని మీద మొదటి చుక్క పడుతుంది. అంతే. ఆడమనిషి లేదు, ఇల్లు లేదు, ఏమీ లేదు. ముప్పై ఆరు సార్లూ నేను చూసింది ఆ క్లిప్పునే. అదే చెప్పాను.

తిడుతుందనుకున్నాను. "క్లిప్పుందా? నేనెప్పుడూ చూళ్ళేదే" అంది.

ఆ తర్వాత ఆ సీను ఆమే నాకు చెప్పింది. ఊపిరి అందేది కాదు, నాలుగు మాటలకోసారి ఆగేది. ఒక్క పూటలో అయ్యే పని కాదు కాబట్టి రోజుకి కొంచెం. నేను మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాణ్ణి. ఖాళీ అయిన వంటిల్లు. గట్టు మీద ఒక గ్లాసు మిగిలిపోయింది. ఆవిడ దాన్ని కడుగుతుంది, పమిటతో తుడుస్తుంది. పెట్టడానికి అలమర లేదు, తీసేశారు. గ్లాసు పట్టుకుని అలా నిలబడిపోతుంది. చివరికి కిటికీలో పెడుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు, నిజం చెప్పొద్దూ, ఇంతేనా అనిపించింది. నాలుగోసారికి గ్లాసు కనబడింది. ఎనిమిదోసారికి ఆ నీళ్ళ చప్పుడు వినబడింది. ఆమె కూడా ప్రతిసారీ ఇదివరకు చెప్పనిదేదో చెప్పేది, గోడ మీద క్యాలెండరు తీసేసిన చోట తెల్లటి చదరం ఉందనో, ఆవిడ కాళ్ళకి చెప్పుల్లేవనో. కిటికీ దగ్గరికి రాగానే క్లిప్పు సంగతి మీరు చెప్పండి అనేది. నేను చెప్పేవాణ్ణి.

ఒకరోజు అడిగాను, ఇందులో ఏడవడానికి ఏముందే అని. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"ఆవిడ గురించి కాదండీ. ఆయన గురించి" అంది.

ఆయనెవరన్నాను.

"గుమ్మంలో నిలబడి ఉంటాడు, ఎడమ పక్కన. చేతిలో తాళం కప్ప. బయట బండివాడు తొందరపెడుతూనే ఉంటాడు. ఈయన నాలుగు నిమిషాలూ అలా నిలబడతాడు తప్ప ఆవిణ్ణి పిలవడు."

ఆమె ఆగింది. ఊపిరి కోసం అనుకున్నాను.

"మన మొదటి ఇల్లు ఖాళీ చేసిన రోజు నేను మళ్ళీ లోపలికెళ్ళాను, గుర్తుందా?"

మాకు అమ్మాయి కంటే ముందు ఒక పిల్లాడు. పదకొండు రోజులు బతికాడు. వాడు పోయిన మూడో వారం ఇల్లు మారాం. మారదామన్నది నేనే, ఆ గదిలో నేనుండలేకపోయాను. తోపుడు బండి మీద సామాను వేసుకుని బయల్దేరడం గుర్తుంది. ఈమె లోపలికెళ్ళడం గుర్తులేదు.

"ఉయ్యాల కట్టిన కొక్కెం ఊడదీసి తెచ్చుకుందామని వెళ్ళాను. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తిప్పుతున్నాను. మీరు బండి దగ్గర్నుంచి ఎంతసేపు అని కేకేశారు. రెండుసార్లు. వదిలేసి వచ్చేశాను."

బండివాడు తొందరపెట్టుంటాడు అన్నాను. అని, నా మాట నాకే వినబడి ఆగిపోయాను. ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి, పెట్టే ఉంటాడులెండి అంది. నాకు ఏడుపొచ్చింది, ఈసారి కుళాయి తిప్పలేదు. ముప్పై ఆరు సార్లు ఆమె చీకట్లో కూర్చుని చూసింది, ఆడదాని కోసం ఆగిన ఒక మగవాణ్ణి. నేను పైన క్యాబిన్లో గడియారం చూసుకుంటూ, ఎంతసేపు అని పళ్ళు నూరుకుంటూ, ఆఖరికి వాణ్ణి కూడా కోసి డబ్బాలో పెట్టాను.

ఆ తర్వాత ఆమె బతికింది పంతొమ్మిది రోజులు. మంచం దిగి బాత్రూము దాకా నడవడానికి పది నిమిషాలు పట్టేది, మధ్యలో గోడకి ఆనుకుని నిలబడేది. నేను గుమ్మంలో ఎడమ పక్కన నిలబడేవాణ్ణి. పిలిచేవాణ్ణి కాదు. ఒకసారి ఆమె లోపల్నుంచి, ఉన్నారా అంది. ఉన్నానన్నాను. అంతకంటే పెద్ద మాటలేవీ మేము చెప్పుకోలేదు. ఒక పొద్దున్న నేను కాఫీ కలుపుకొచ్చేసరికి లేదు. ఆట అయిపోవడానికి పావుగంట ముందే లేచి వెళ్ళిపోయే అలవాటు కదా, నాకు చెప్పలేదు.

మెషిను వాళ్ళొచ్చి మెషిను తీసుకెళ్ళారు. గదిలో చప్పుడు లేకుండా నాకు నిద్రపట్టేది కాదు. తమ ఇంటికి వచ్చెయ్యమని అమ్మాయి అడుగుతూనే ఉంది, చూద్దాంలే అంటున్నాను.

పోయిన వారం ఆ సినిమా పెట్టుకున్నాను, ఎలా పెట్టాలో అమ్మాయి నేర్పింది. పదకొండున్నరకి మొదలుపెట్టాను. జీవితంలో మొదటిసారి తెర మొత్తం చూశాను, నాలుగు మూలలూ, మధ్యన మనుషులూ. ఆ మెట్ల మీద కూర్చుని చెప్పు కుట్టుకునేవాడే ఆ ఇల్లాలి మొగుడని, మా ఆవిడ చెప్పిన గుమ్మంలో నిలబడేవాడు వాడేనని అప్పుడు తెలిసింది. అప్పట్నుంచి రోజూ చూస్తున్నాను. రోజుకొకటి కొత్తగా కనబడుతోంది. ఈ సంగతి చెప్పడానికి మనిషి లేదు.

నిన్న నేను చూస్తుండగా అమ్మాయి వచ్చింది, బస్సు స్కూలు దగ్గర పెట్టి, నాకు భోజనం తీసుకుని. సామాను బండికెక్కింది. ఆ ఇల్లాలు వెనక్కి తిరిగి గడపలో ఒక కాలు పెట్టింది. మూలన నా గుర్తు పడగానే రిమోట్ నొక్కి ఆపాను. తెర మీద ఆవిడ వీపు, గడపలో కాలు, కుడిచేతి పై మూలన నేను గీసిన గీతలు. గోడ గడియారం చూసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాను.

అమ్మాయి క్యారేజీ విప్పి, పన్నెండున్నర దాటింది, ఆకలేయట్లేదా, ఆపేశారేం నాన్నా అంది.

"ఉండవే. మీ అమ్మ ఇంకా లోపలే ఉంది" అన్నాను.

అది క్యారేజీ మూత మళ్ళీ పెట్టేసి నా పక్కన కూర్చుంది. నాలుగు నిమిషాలూ ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.